మందుకు లొంగని సూక్ష్మజీవి – అర్థం తడబడే మాట: హైదరాబాదు కోళ్ళలో హెలికోబ్యాక్టర్ పుల్లోరం

వ్యాస సంగ్రహం:

కోళ్ళ పేగులలో నివసించే బాక్టీరియా జాతులలో హెలికోబ్యాక్టర్ పుల్లోరం ఒకటి. హైదరాబాదు నగరంలోని చిల్లర మాంసపు అంగళ్ళ నుండి సేకరించిన కోళ్ళలో ఈ బాక్టీరియాను గుర్తించి, దాని జన్యువులను చదివిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. పరీక్షించిన నమూనాలన్నీ పలు తరగతుల యాంటీబయాటిక్‌లకు లొంగలేదని ఆ అధ్యయనం తెలిపింది. ఈ బాక్టీరియా స్వభావాన్ని, హైదరాబాదు అధ్యయనం తేల్చిన అంశాలను ఈ వ్యాసం తెలుగులో వివరిస్తుంది. ఈ సమస్యను చెప్పడానికి మనం వాడుతున్న ‘నిరోధకత’ అనే మాట సామాన్య పాఠకుణ్ణి ఎక్కడ తప్పుదారి పట్టిస్తున్నదో సమాస విశ్లేషణ ద్వారా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: హెలికోబ్యాక్టర్ పుల్లోరం, హైదరాబాదు, నాటుకోడి, బాయిలర్ కోడి, యాంటీబయాటిక్, నిరోధకత, శాస్త్ర పరిభాష.

1. ప్రవేశిక

హైదరాబాదులో అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలు తెలుగు పరిశోధకులకు చిరపరిచితాలు. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్ ప్రాంగణం నుండి దశాబ్దాలపాటు పనిచేసింది. ఆదివారాలలో అబిడ్స్ కాలిబాటల మీద పరిచే పాత పుస్తకాల రాశులలో తమకు కావలసిన గ్రంథాన్ని వెదుక్కున్న పరిశోధక విద్యార్థులు ఎందరో ఉన్నారు. ఇదే నాంపల్లిలో, గృహకల్ప భవన సముదాయంలో, సి.డి.ఎఫ్.డి.గా ప్రసిద్ధమైన డి.ఎన్.ఏ. పరిశోధన సంస్థ ఉప్పల్‌కు తరలిపోవడానికి ముందు కొన్నేళ్ళు పనిచేసింది. అప్పట్లో ఈ రెండు సంస్థల మధ్య దూరం నడిచిపోదగినంత మాత్రమే. జన్యుశాస్త్రానికీ తెలుగు వచనానికీ మధ్య ఉన్న దూరం మాత్రం అంత తక్కువ కాదు.

ఆ దూరం వల్ల కలిగే నష్టాన్ని చూపడానికి హెలికోబ్యాక్టర్ పుల్లోరం తగిన ఉదాహరణ. ఇది మన నగరంలోని కోళ్ళలో కనుగొన్న జీవి. దానిపై పరిశోధన జరిగిందీ మన నగరంలోనే. సి.డి.ఎఫ్.డి.లో పనిచేసి, తరువాత హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన నియాజ్ అహ్మద్ బృందం ఈ పరిశోధన చేసింది. అయితే దాని ఫలితాలను తెలుగులో చెప్పబోతే మొదటి వాక్యంలోనే ఒక మాట అడ్డుతగులుతుంది. ‘ఈ బాక్టీరియాకు నిరోధకత ఉంది’ అంటే వినేవారికి ఏమి అర్థమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ముందుగా ఆ జీవిని గురించి తెలుసుకోవాలి.

2. పేరులోని అర్థం

‘హెలిక్స్’ అనే గ్రీకు పదానికి సుడి, మెలిక అని అర్థం. ‘బాక్టీరియా’ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి చిన్న కర్ర అని అర్థం. మెలిక తిరిగిన చిన్న కర్ర ఆకారంలో ఉండే బాక్టీరియాల ప్రజాతికి 1989లో హెలికోబ్యాక్టర్ అని పేరుపెట్టారు. ఈ ప్రజాతిలో అందరికీ తెలిసినది హెలికోబ్యాక్టర్ పైలోరి. జీర్ణాశయంలో పుండ్లకు అది కారణమని చూపినందుకు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించింది. ‘పైలోరస్’ అంటే ద్వారపాలకుడు. జీర్ణాశయం నుండి పేగులోకి పోయే ద్వారానికి అది పేరు. ‘పైలోరి’ దానికి షష్ఠీ ఏకవచన రూపం.

‘పుల్లోరం’ కూడా షష్ఠీ రూపమే, కానీ బహువచనం. లాటిన్‌లో ‘పుల్లుస్’ అంటే కోడిపిల్ల. ‘పుల్లోరుం’ అంటే ‘కోడిపిల్లల యొక్క’ అని అర్థం. 1994లో స్టాన్లీ బృందం ఈ జాతిని మొదటిసారి వర్ణించి ఈ పేరు పెట్టింది. అయితే ఆ మొదటి వర్ణనలోనే ఒక విశేషం ఉంది. వారు ఈ బాక్టీరియాను కోళ్ళ నుండి మాత్రమే కాక, జీర్ణకోశ వ్యాధితో బాధపడుతున్న మనుషుల నుండి కూడా వేరుచేశారు. అంటే పేరు కోళ్ళదే అయినా జీవి కోళ్ళకు పరిమితమైనది కాదు.

పేరు ఒకరిదిగా నిలిచి వస్తువు పలువురిది కావడం భాషలో కొత్త కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆబిద్ అనే ఆర్మీనియన్ నడిపిన దుకాణం వల్ల అబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. దుకాణం పోయింది, పేరు ఒక పేట మొత్తానికి మిగిలింది. శాస్త్రనామాలను కూడా ఈ దృష్టితోనే చదవాలి. పేరు జీవిని మొదట ఎక్కడ చూశారో చెబుతుంది, ఎక్కడెక్కడ ఉంటుందో చెప్పదు.

ఇక్కడ మరొక పొరపాటుకు కూడా అవకాశం ఉంది. పశువైద్య గ్రంథాలలో ‘పుల్లోరం వ్యాధి’ అనే పేరు తరచుగా కనిపిస్తుంది. కోడిపిల్లలకు తెల్లని విరేచనాలై పెద్దసంఖ్యలో చనిపోయే ఆ వ్యాధికి కారణం సాల్మొనెల్లా కుటుంబానికి చెందిన వేరొక బాక్టీరియా. ఆ వ్యాధికీ హెలికోబ్యాక్టర్ పుల్లోరంకూ సంబంధం లేదు. రెండింటి పేర్లలోనూ కోడిపిల్లను సూచించే మాట ఉండడమే పోలిక.

3. జీవి స్వభావం

హెలికోబ్యాక్టర్ పుల్లోరం కొద్దిగా వంగిన కర్ర ఆకారంలో ఉంటుంది. ఒక కొనన ఉన్న ఒకే ఒక కశాభంతో, అంటే కొరడా వంటి సన్నని తోకతో, ఈదుతుంది. ఆక్సిజన్ కొద్దిపాటిగా ఉన్నచోటనే బాగా పెరుగుతుంది. 37 డిగ్రీల సెల్సియస్ వద్ద, 42 డిగ్రీల వద్ద కూడా పెరగగలదు. మనిషి శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీలకు, కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41–42 డిగ్రీలకు దగ్గరగా ఉంటుందన్న సంగతిని గుర్తుచేసుకుంటే ఈ రెండు అంకెల ప్రాముఖ్యం తెలుస్తుంది.

హెలికోబ్యాక్టర్ పైలోరి జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తట్టుకోవడానికి యూరియేజ్ అనే ఎంజైమును తయారుచేస్తుంది. పుల్లోరంకు ఆ ఎంజైము లేదు. దాని నివాసం జీర్ణాశయం కాదు. అది పేగులలో, ముఖ్యంగా కోడి గుడ్డిపేగులలో ఉంటుంది. కాలేయంలో కూడా కనిపించింది. అందుకే దీనిని పేగు, కాలేయాలకు చెందిన హెలికోబ్యాక్టర్ల వర్గంలో చేర్చారు. గుడ్లు పెట్టే కోళ్ళలో కాలేయ వ్యాధి లక్షణాలతో దీనికి సంబంధాన్ని గమనించారు. మనుషులలో జీర్ణకోశ వ్యాధి ఉన్నవారి మలంలోను, కాలేయ, పిత్తాశయ వ్యాధులున్న కొందరి శరీర భాగాలలోను దీని ఆనవాళ్ళు లభించాయి. ఆనవాలు దొరకడం వేరు, వ్యాధికి అదే కారణమని నిరూపించడం వేరు. పైలోరి విషయంలో జరిగినంత నిరూపణ పుల్లోరం విషయంలో ఇంకా జరగలేదు. అయినా కణ విభజనను ఆపి కణాన్ని ఉబ్బించి చంపే ఒక విషపదార్థాన్ని ఇది తయారుచేయగలదని తెలియడం వల్ల, జంతువుల నుండి మనుషులకు సోకగల బాక్టీరియాగా పరిశోధకులు దీనిని పరిగణిస్తున్నారు.

ఈ జీవిని ప్రయోగశాలలో గుర్తించడం సులభం కాదు. ఆకారంలోను, సాధారణ రసాయన పరీక్షలలోను ఇది కాంపిలోబ్యాక్టర్ అనే మరొక కోళ్ళ బాక్టీరియాను పోలి ఉంటుంది. ఒకదానిని మరొకటిగా నమోదుచేసే అవకాశం ఉంది. అందువల్ల జన్యుపరీక్ష అవసరమవుతుంది.

4. హైదరాబాదు అధ్యయనం

నియాజ్ అహ్మద్ బృందం హైదరాబాదు నగరంలోని చిల్లర మాంసపు అంగళ్ళ నుండి బాయిలర్ కోళ్ళను, ఆరుబయట తిరిగి పెరిగిన కోళ్ళను సేకరించి పరీక్షించింది. వాటి నుండి వేరుచేసిన 11 పుల్లోరం నమూనాల జన్యుపటాలను పూర్తిగా చదివింది. ఫలితాలను 2017లో ఒక అంతర్జాతీయ సూక్ష్మజీవశాస్త్ర పత్రికలో ప్రచురించింది. అందులోని ప్రధానాంశాలు ఇవి:

మొదటిది, 11 నమూనాలూ ఒకటి కంటె ఎక్కువ తరగతుల యాంటీబయాటిక్‌లకు లొంగలేదు. ఫ్లోరోక్వినలోన్లు, సెఫలోస్పోరిన్లు, సల్ఫోనమైడ్లు, మాక్రోలైడ్లు ఆ జాబితాలో ఉన్నాయి. ఇవి మనుషుల చికిత్సలో నిత్యం వాడే మందుల తరగతులే.

రెండవది, ఈ నమూనాలు బీటా-లాక్టమ్ తరగతి మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైములను విస్తృతంగా తయారుచేస్తున్నాయి. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ వంటి మందుల అణువులో ఒక చిన్న వలయం ఉంటుంది. ఆ వలయం తెగితే మందు పనిచేయదు. బాక్టీరియా తయారుచేసే ఎంజైము ఆ వలయాన్నే తెంపుతుంది. దానికి విరుగుడుగా క్లావులానిక్ ఆమ్లాన్ని మందుతో కలిపి ఇస్తారు. ఆ ఆమ్లం ఎంజైముకు ఎరగా చిక్కి, అసలు మందును కాపాడుతుంది. హైదరాబాదు నమూనాలు ఆ ఆమ్లానికి కూడా లొంగలేదు.

మూడవది, ప్రతి నమూనాలోను మందుకు లొంగకుండా చేసే జన్యువులు అయిదో ఆరో కనిపించాయి. వాటిలో కొన్ని, లోపలికి వచ్చిన మందును బయటికి తోడివేసే పంపుల వంటి ప్రోటీనులకు సంబంధించినవి. పడవలోకి చేరిన నీటిని ఎప్పటికప్పుడు తోడిపోసినట్లు ఈ పంపులు మందును కణం వెలుపలికి నెడతాయి. ఒకే పంపు వేర్వేరు తరగతుల మందులను తోడివేయగలదు. అందువల్ల ఒక మందును మార్చి మరొక మందు వాడినంత మాత్రాన ప్రయోజనం కలగకపోవచ్చు.

నాలుగవది, బాయిలర్ కోళ్ళ నుండి వచ్చిన నమూనాలు జన్యుపరంగా ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉన్నాయి. ఆరుబయట తిరిగిన కోళ్ళ నుండి వచ్చినవి ఒకదానికొకటి చాలా భిన్నంగా ఉన్నాయి. ఒకే రకం పిల్లలు, ఒకే రకం దాణా, ఒకే రకం షెడ్డు ఉన్నచోట బాక్టీరియా కూడా ఒకే తీరుగా ఉండడం, పలుచోట్ల తిరిగి పలు రకాలుగా మేసిన కోడిలో బాక్టీరియా వైవిధ్యం ఎక్కువగా ఉండడం సహజమేనని భావించవచ్చు.

11 నమూనాలు అన్నది చిన్న సంఖ్య. నగరంలోని కోళ్ళన్నింటిలోను ఇదే పరిస్థితి ఉందని ఈ సంఖ్యతో తేల్చి చెప్పరాదు. పరిశోధకులు కూడా తమ పనిని భావి పరిశోధనలకు ఆధారరేఖగానే పేర్కొన్నారు.

5. ‘నాటు’, ‘బాయిలర్’: మాటల వెనుక నమ్మకం

తెలుగువారి వాడుకలో కోడి మాంసం రెండు రకాలు: నాటుకోడి, బాయిలర్ కోడి. రెండవదాన్ని ఫారం కోడి అని కూడా అంటారు. ‘బ్రాయిలర్’ అనే ఆంగ్లపదం నోట నలిగి ‘బాయిలర్’ అయింది. ఈ రెండు మాటలూ కేవలం రకాన్ని చెప్పేవి కావు, విలువను కూడా చెబుతాయి. నాటు అంటే కల్తీ లేనిది, బలవర్ధకమైనది, మందుల వాసన సోకనిది. బాయిలర్ అంటే ఇంజక్షన్లతో ఉబ్బినది. ధరల పట్టికలో ఉన్న అంతరానికి ఈ నమ్మకం కూడా ఒక కారణం.

ఈ నమ్మకాన్ని సూక్ష్మజీవశాస్త్రం ఎంతవరకు సమర్థిస్తుంది? పుల్లోరం విషయంలో అది సమర్థించలేదు. ఆరుబయట తిరిగిన కోళ్ళ నుండి వచ్చిన నమూనాలు కూడా పలు మందులకు లొంగలేదు. అదే విశ్వవిద్యాలయ పరిశోధకులు పాల్గొన్న మరొక అధ్యయనం కూడా 2017లో వచ్చింది. అది చిల్లర మార్కెట్ కోళ్ళ నుండి వేరుచేసిన 168 ఈ-కోలి బాక్టీరియా నమూనాలను పరిశీలించింది. అందులో బాయిలర్ మాంసం నుండి వచ్చిన ఈ-కోలిలో 68 శాతం బహుళ మందులకు లొంగనివి. ఆరుబయట తిరిగిన కోళ్ళ మాంసంలో అవి 8 శాతం. గుడ్డిపేగుల నమూనాలలో ఈ అంకెలు వరుసగా 64 శాతం, 26 శాతం.

ఈ రెండు అధ్యయనాలను కలిపి చదివితే సరైన చిత్రం లభిస్తుంది. ఈ-కోలి విషయంలో నాటుపై ఉన్న నమ్మకంలో కొంత నిజం ఉంది. అంతరం చిన్నది కాదు. కానీ ఆ అంతరం ఉండడం లేకపోవడాల మధ్య ఉన్నది కాదు, ఎక్కువ తక్కువల మధ్య ఉన్నది. గుడ్డిపేగుల నమూనాలలో నాలుగింట ఒక వంతు కంటె ఎక్కువ మందులకు లొంగనప్పుడు ‘నాటుకోడిలో ఆ బెడద లేదు’ అనడం సరికాదు. పుల్లోరం దగ్గరికి వచ్చేసరికి ఆ మాత్రపు అంతరం కూడా కనిపించలేదు.

ఇక్కడ పరిభాషా సమస్య కూడా ఉంది. అధ్యయనాలలోని ‘ఆరుబయట తిరిగే కోడి’ అన్నది పెంపక విధానానికి పేరు. ‘నాటు’ అన్నది జాతికి పేరు. రెండూ ఎప్పుడూ ఒకటి కావు. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకానికి అనువుగా రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి కోళ్ళు పెరట్లో తిరుగుతాయి, కానీ పాత అర్థంలో నాటు జాతులు కావు. అంగడిలో ‘నాటు’ అని అమ్మే కోడి ఎక్కడ పెరిగిందో, దానికి ఏ మందు పెట్టారో ఆ మాట చెప్పదు.

6. మందు కోడి దాణాలోకి వచ్చిన తీరు

కోళ్ళలోని బాక్టీరియా మనుషుల మందులకు ఎందుకు లొంగడం లేదన్న ప్రశ్నకు చరిత్రలో సమాధానం ఉంది. ఆ చరిత్రలో తెలుగువారికి తెలిసిన పేరొకటి వస్తుంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. ఆ కాలంలో అక్కడ బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను 1948లో ప్రపంచానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ల తరగతిలో అది మొదటిది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు మరణించారు.

ఆ తరువాత అదే ప్రయోగశాలలో స్టోక్‌స్టాడ్, జ్యూక్స్ అనే శాస్త్రవేత్తలు కోడిపిల్లలకు విటమిన్ బి12 కోసం ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని పెట్టి చూశారు. విటమిన్ వల్ల వచ్చే ఎదుగుదలకు మించి పిల్లలు ఎదిగాయి. పిప్పిలో మిగిలిన కొద్దిపాటి మందే అందుకు కారణమని తేలింది. 1950లో ఈ సంగతి ప్రకటించిన తరువాత, జబ్బు లేని కోడికి కూడా ప్రతిరోజూ దాణాలో కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ కలపడం ప్రపంచమంతటా వ్యాపించింది. మనుషుల ప్రాణాలు కాపాడటానికి కనుగొన్న మందు, మాంసం బరువు పెంచే సరకుగా మారింది.

కొద్దిపాటి మోతాదులో ఉన్న ప్రమాదాన్ని పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 నాటి నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించారు. చంపడానికి చాలని మోతాదు సూక్ష్మజీవిని మొండిదాన్ని చేస్తుంది. దీనిని వడ్ల చెరుగుడుతో పోల్చవచ్చు. చేటలో తేలికైనవి ఎగిరిపోయి గట్టివి మిగిలినట్లు, కొద్దిపాటి మందు వల్ల బలహీనమైన బాక్టీరియా చనిపోయి, ఏదో ఒక జన్యుమార్పు వల్ల తట్టుకోగలిగినది మిగులుతుంది. మిగిలినదే సంతతిని పెంచుతుంది. అంతేకాక ఆ జన్యువును పక్కనున్న వేరొక జాతి బాక్టీరియాకు కూడా అందించగలదు. గుడ్డిపేగు అటువంటి ఇచ్చిపుచ్చుకోళ్ళకు అనువైన చోటు.

ఈ ప్రమాదాన్ని గుర్తించి ఐరోపా సమాజం 2006 జనవరి 1 నుండి ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని నిషేధించింది. ఆరోగ్యంగా ఉన్న జంతువులకు ఎదుగుదల కోసం గాని, ముందుజాగ్రత్తగా గాని ఈ మందులను వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సూచించింది. భారతదేశం 2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. మనుషుల చికిత్సలో చివరి ఆశగా మిగిలిన మందులలో ఒకటైన కొలిస్టిన్‌ను కోళ్ళకు, ఆహారం కోసం పెంచే ఇతర జంతువులకు, దాణాకు వాడకుండా 2019 జూలైలో నిషేధించింది.

7. ‘నిరోధకత’ ఎవరిది?

ఇంతవరకు ఈ వ్యాసంలో ‘లొంగని’ అనే మాటనే వాడడం ఉద్దేశపూర్వకం. పత్రికలలోను, పాఠ్యపుస్తకాలలోను దీనికి స్థిరపడిన మాట ‘నిరోధకత’: యాంటీబయాటిక్ నిరోధకత, ఔషధ నిరోధకత, బహుళ ఔషధ నిరోధకత. సంస్కృత ధాతువు దృష్టితో చూస్తే ఈ మాటలో తప్పు లేదు. కానీ తెలుగు పాఠకుని మనసులో ‘నిరోధక’ శబ్దం అప్పటికే మరొక సమాసంలో స్థిరపడి ఉంది. అది ‘రోగనిరోధక శక్తి’. ఈ మాట కరోనా కాలంలో ప్రతి ఇంటికీ చేరింది. రోగనిరోధకత ఎంత ఎక్కువైతే అంత మంచిదని అందరికీ తెలుసు. అటువంటి పాఠకునికి ‘ఔషధ నిరోధకత పెరుగుతోంది’ అన్న వాక్యం భయాన్ని కలిగించదు. కొందరికి అది శుభవార్తగా కూడా వినిపించవచ్చు.

సమస్య ఎక్కడుందో విగ్రహవాక్యం చూపుతుంది. ‘రోగనిరోధకం’ అంటే రోగమును నిరోధించేది. ఇది ద్వితీయా తత్పురుషం. నిరోధించే కర్త మన శరీరం. ‘ఔషధ నిరోధకత’ను కూడా ద్వితీయా తత్పురుషంగా విప్పితే ఔషధమును నిరోధించే గుణం అవుతుంది. శాస్త్రం చెప్పదలచినది ఇదే. కానీ దీనిని తృతీయా తత్పురుషంగా విప్పడానికి కూడా అడ్డులేదు: ఔషధము చేత కలిగే నిరోధక గుణం. అప్పుడు అర్థం పూర్తిగా తలకిందులవుతుంది. ఏ విధంగా విప్పినా కర్త సమాసంలో లేడు. కర్త లేని చోట పాఠకుడు తనకు తెలిసిన కర్తను, అంటే తన శరీరాన్ని, తెచ్చిపెట్టుకుంటాడు.

ఈ తడబాటు తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో భారతదేశంతో సహా 12 దేశాలలో జరిపిన సర్వేలో 76 శాతం మంది, శరీరం మందుకు అలవాటుపడి లొంగకపోవడమే ఈ సమస్య అని అభిప్రాయపడ్డారు. మన వాడుకలోని ‘మందు ఒంటికి అలవాటైపోయింది’ అన్న మాట కూడా ఆ భావాన్నే చెబుతుంది.

దీని ఫలితం మాటల దగ్గర ఆగదు. లొంగనితనం శరీరానిది అనుకునేవాడు, ‘నేను ఎప్పుడూ యాంటీబయాటిక్‌లు మింగలేదు, కనుక నాకు ఈ సమస్య రాదు’ అని నిశ్చింతగా ఉంటాడు. లొంగనితనం సూక్ష్మజీవిది అని తెలిసినవాడు అలా ఉండలేడు. జీవితంలో ఒక్క మాత్ర కూడా మింగనివానికి సైతం, కోడి పేగులో ముందే మొండిదైన బాక్టీరియా సోకవచ్చు. అప్పుడు అతనికి ఇచ్చే మొదటి మందే పనిచేయకపోవచ్చు. హైదరాబాదు అంగళ్ళ నుండి వచ్చిన 11 నమూనాలు చెబుతున్నది ఇదే. కోడి మింగిన మందు వల్ల కలిగిన నష్టాన్ని మనిషి అనుభవించే అవకాశం ఉంది. ఆ వాక్యంలో కర్త ఎవరో తెలియకపోతే హెచ్చరిక అందవలసిన వారికి అందదు.

మంచి మాట కోసం దూరం పోనక్కరలేదు. ‘జబ్బు మందుకు లొంగలేదు’ అనడం తెలుగులో పాత వాడుకే. పత్రికలు కూడా అప్పుడప్పుడు ‘మందులకు లొంగని బాక్టీరియా’ అని రాస్తున్నాయి. ‘లొంగు’ క్రియకు కర్త కావాలి, ఎవరికి లొంగాలో చెప్పే ‘కు’ విభక్తి కూడా కావాలి. ‘బాక్టీరియా మందుకు లొంగదు’ అన్నప్పుడు ఎవరు, దేనికి అన్న రెండు ప్రశ్నలకూ వాక్యమే సమాధానం చెబుతుంది. దీనిని నామంగా చేస్తే ‘మందుకు లొంగనితనం’ అవుతుంది. రైతులు ‘తెగులును తట్టుకునే రకం’ అంటారు కనుక ‘తట్టుకునే గుణం’ అనవచ్చునన్న సూచన రావచ్చు. అయితే సూక్ష్మజీవశాస్త్రంలో మందు ఉన్నంతసేపు ఎదగకుండా ఓర్చుకొని బతికి ఉండడం వేరు, మందు ఉండగానే ఎదగడం వేరు. ‘తట్టుకొను’ను మొదటి అర్థానికి, ‘లొంగకుండు’ను రెండవ అర్థానికి కేటాయిస్తే రెండు భావాలకూ రెండు తెలుగు మాటలు లభిస్తాయి. సాంకేతిక గ్రంథాలలో ‘నిరోధకత’ కొనసాగినా, మొదటి ప్రస్తావనలో ‘సూక్ష్మజీవికి మందుపట్ల ఉన్న నిరోధకత’ అని కర్తను చెప్పడం కనీస మర్యాద.

8. వంటింటి జాగ్రత్త

ఈ సమాచారం వల్ల కోడికూర మానవలసిన పని లేదు. మందుకు లొంగని బాక్టీరియా వేడికి లొంగుతుంది. మాంసం లోపలి భాగం 74 డిగ్రీలకు చేరేలా ఉడికితే ఇటువంటి బాక్టీరియా చనిపోతుంది. మన పులుసులు, వేపుళ్ళు మామూలుగా ఆ వేడిని దాటుతాయి. కార్జాన్ని మాత్రం పైపైన వేయించి దించకూడదు. పుల్లోరం కాలేయంలో కూడా కనిపించిందని పైన చెప్పుకున్నాం.

అసలు ప్రమాదం ఉడికిన ముక్కలో కంటె పచ్చి మాంసం తాకిన చోట్ల ఎక్కువగా ఉంటుంది. కోడిని శుభ్రంచేసేటప్పుడు పేగు తెగితే అందులోని బాక్టీరియా మాంసానికి, కత్తికి, మొద్దుకు అంటుకుంటుంది. పసుపు, ఉప్పు వేసి కుళాయి కింద కడగడం మన ఆచారం. కడగడం వల్ల బాక్టీరియా చావదు, చిందిన నీటితో చుట్టుపక్కలకు చేరుతుంది. బిర్యానీతో వడ్డించే ఉల్లి, నిమ్మ ముక్కలు ఉడకవు. పచ్చి మాంసం కోసిన కత్తితోనే వాటిని కోస్తే, బిర్యానీలో చచ్చిన బాక్టీరియా పక్కనున్న ఉల్లిముక్క మీద బతికే ఉంటుంది. మాంసానికి వేరు కత్తి, వేరు పలక పెట్టుకోవడం, పచ్చి మాంసం ముట్టిన చేతులను సబ్బుతో కడుక్కోవడం ఇంటికైనా హోటలుకైనా ఒకే నియమం.

9. ముగింపు

పై చర్చ వల్ల తేలిన అంశాలు:

హెలికోబ్యాక్టర్ పుల్లోరం పేరులో కోడి ఉన్నా, 1994 నాటి తొలి వర్ణన నుండే అది మనుషులలో కూడా కనిపించిన జీవి.

హైదరాబాదు అంగళ్ళ కోళ్ళలో లభించిన 11 నమూనాలూ మనుషులకు వాడే పలు తరగతుల మందులకు లొంగలేదు.

‘నాటు’, ‘బాయిలర్’ అన్న విభజన మందుకు లొంగని బాక్టీరియా విషయంలో పాక్షికంగా మాత్రమే పనిచేస్తుంది. ఈ-కోలిలో ఎక్కువ తక్కువల తేడా ఉంది, పుల్లోరంలో ఆ తేడా కూడా కనిపించలేదు.

‘నిరోధకత’ అనే మాట కర్తను దాచడం వల్ల, సూక్ష్మజీవికి చెందిన గుణాన్ని పాఠకుడు తన శరీరానికి ఆపాదించుకునే అవకాశం ఉంది. ‘మందుకు లొంగనితనం’ అనే దేశీయ ప్రయోగం ఆ అవకాశాన్ని తొలగిస్తుంది.

శాస్త్ర పరిభాషను నిర్మించేటప్పుడు సంస్కృత ధాతువుల శుద్ధిని పరిశీలించడం మనకు అలవాటు. ఆ మాటను విన్న సామాన్యుడు దానిని ఏ విగ్రహవాక్యంతో విప్పుకుంటాడో పరిశీలించడం అంతకంటె అవసరం. తెలుగు శాఖలలో ఆరోగ్య పరిభాషపై పరిశోధన చేయదలచిన విద్యార్థులు, పత్రికలలోను, మందుల చీటీలలోను, ప్రభుత్వ ప్రచార పత్రాలలోను ‘నిరోధక’ శబ్దం ఏ కర్తతో, ఏ విభక్తితో వస్తున్నదో సేకరించి వర్గీకరిస్తే అది భాషకు, ప్రజారోగ్యానికి కూడా ఉపయోగపడే పని అవుతుంది.